స్కోరులోని సున్నా

ఫుట్‌బాల్‌లో డిఫెండర్ అంటే తన గోలు వైపు బంతిని రానీయకుండా కాచే ఆటగాడని స్థూలంగా చెబుతారు గానీ, ఆ మాట గోడకైనా సరిపోతుంది. ఎదుటి ఫార్వర్డ్ ఎటు తిరగబోతున్నాడో అతని నడుము కదలికను బట్టి పసిగట్టి, తొందరపడి కాలు వేయకుండా రెండడుగుల ఎడంలో వెనక్కి జరుగుతూ, అతణ్ని మైదానం అంచు గీత వైపు మళ్లించి, బంతి అతని పాదాన్ని కాస్త వదిలిన క్షణంలో మాత్రమే దాన్ని అందుకోవడం అసలు పనితనం. ఆఖరి అంగను ట్యాక్లింగ్ అంటారు. చప్పట్లు దానికే దక్కుతాయి, దానికి ముందు పట్టిన ఓపికకు కాదు.

ఈ పని వృత్తిగా ముదిరింది ఇంగ్లండ్‌లో. బంతి అందుకోబోయే ఆటగాడికి ముందు ప్రత్యర్థులు కనీసం ముగ్గురుండాలన్న ఆఫ్‌సైడ్ నిబంధనను 1925లో ఇద్దరికి సడలించడంతో గోల్స్ పెరిగిపోగా, ఆర్సెనల్ వంటి క్లబ్బులు నడిమి ఆటగాణ్ని వెనక్కి లాగి ‘స్టాపర్’గా, అంటే గోలు ముందు అడ్డుగా, నిలబెట్టాయి. హైదరాబాద్‌లో ఆ పాత్రకు మరో చదువు తోడైంది. ఒకప్పుడు బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్, తాను తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన రోజుల్లో, వాటం లేని కాలితోనే ఆడాలనీ, బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ పోకూడదనీ షరతులు పెట్టి పోటీలు నడిపేవాడు. దాంతో వెనక ఉన్నవాడు బంతిని గాల్లోకి బాదేయడం మాని, ఏ కాలితోనైనా తోటివాడికి అందించడం నేర్చుకున్నాడు. ఆ జట్టు నుంచే అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ ఒలింపిక్స్ దాకా వెళ్లారు.

1963లో రహీమ్ కన్నుమూశాక ఆ వారసత్వాన్ని మోసినవారిలో 1944లో హైదరాబాద్‌లోనే పుట్టిన సయ్యద్ నయీముద్దీన్ ముఖ్యుడు. సిటీ పోలీస్ జట్టు నుంచి కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడిన ఆ డిఫెండర్, ఆటగాడిగా అర్జున, శిక్షకుడిగా ద్రోణాచార్య పురస్కారాలు అందుకున్నాడు.

హైదరాబాద్‌లోని గడ్డిఅన్నారం నుంచి బాటసింగారం తరలిన పండ్ల మార్కెట్‌లో, పెట్టెలో పైవరుస ఎంత మిసమిసలాడుతున్నా, మచ్చపడ్డ ఒక్క పండు కంటబడితే చాలు, బేరం దాని చుట్టూనే తిరుగుతుంది. డిఫెండర్ లెక్క కూడా అంతే: తొంభై నిమిషాల్లో ఎనభైతొమ్మిది నిమిషాలు సరిగ్గా నిలిచినా, జారిన ఆ ఒక్క నిమిషమే అతని పేరు మీద మిగులుతుంది. ఇది అన్యాయమే, కానీ ఆటలో దీనికి విరుగుడు లేదు. ఆ మార్కెట్ దారిలోని ఎల్బీ నగర్‌కీ, ఒకప్పుడు ఫతే మైదాన్ అయిన ఎల్బీ స్టేడియానికీ లాల్ బహదూర్ శాస్త్రి పేరే పెట్టారు. ఫుట్‌బాల్ డిఫెండర్ పేరు మాత్రం ఊళ్లో ఎవరి నోటా అంత తేలిగ్గా పలకదు.

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో నయీముద్దీన్ సారథ్యంలోని భారత జట్టు కాంస్యం కోసం జపాన్‌తో తలపడి 1-0తో గెలిచింది. అందులోని ఒకటి గోలు కొట్టినవాడి ఖాతాలో పడింది. సున్నా వెనక వరుసది, దాని పక్కన ఏ రికార్డు పుస్తకమూ పేరు రాయదు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తర్వాత మరో పతకం రాలేదు.