‘జీనోము కావలివాడు’: ఒక బిరుదుపై విమర్శ

1992 జూలై 2వ తేదీ ‘నేచర్’ పత్రికలో డేవిడ్ లేన్ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు వ్రాసిన చిన్న వ్యాసమొకటి వెలువడినది. నిడివి రెండు పుటలే. కాని అది పి53 అను ప్రోటీనుకు తగిలించిన ‘జీనోము కావలివాడు’ అను బిరుదు నేటికిని పాఠ్యగ్రంథములలో నిలిచియున్నది. వ్యాసమును చదువనివారు కూడ బిరుదును ఎరుగుదురు. అందుచేతనే దానిని పరీక్షించి చూడవలసియున్నది.

ఈ ప్రోటీను పూర్వచరిత్ర అంత గౌరవప్రదమైనది కాదు. 1979లో దీనిని కనుగొన్నవారిలో లేన్ ఒకరు. తరువాత పదేండ్లపాటు అది కాన్సరును పుట్టించునదేయని నమ్మిరి. ప్రయోగములలో వాడిన జన్యువు నకళ్లు చెడిపోయినవి కావడమే ఆ పొరపాటుకు కారణము. 1989లో నిజము బయటపడినది: సక్రమమైన పి53 కాన్సరును అడ్డగించును. మానవుల కాన్సరు కంతులలో దాదాపు సగమింట ఈ జన్యువు చెడియుండును. దొంగ అనుకొన్నవానిని మూడేండ్లలో కావలికి నిలబెట్టిన వ్యాసమిది.

అది చెప్పిన సంగతి సులభమే. డి.ఎన్.ఎ. దెబ్బతిన్నచో కణములో పి53 పేరుకొనును. కణవిభజనను ఆపి మరమ్మతుకు వ్యవధి నిచ్చును. మరమ్మతు సాగనిచో కణము తనంత తాను చనిపోవునట్లు చేయును. ఆగుటను, చచ్చుటను ఒకే దారమున గ్రుచ్చుట లేన్ ప్రతిభ. తరువాతి పరిశోధనలు వివరములు సమకూర్చినవి. విభజనను ఆపుటకు పి53 పి21 అను జన్యువును పనికి పురికొల్పును. చావునకు ప్యూమా, బాక్స్ అనువానిని పురికొల్పును. అప్పుడు మైటోకాండ్రియా పైపొరకు రంధ్రములు పడి, సైటోక్రోమ్-సి బయటికి కారి, కాస్పేసులను ఎంజైములు కణమును లోపలినుండి కోసివేయును.

అయినను కావలివాడను మాట పొసగదు. డి.ఎన్.ఎ. గాయమును పసికట్టి వార్త మోయునవి ముఖ్యముగా ఏ.టి.ఎమ్., ఏ.టి.ఆర్. అను ఎంజైములు. మామూలు వేళలలో ఎమ్.డి.ఎమ్.2 అను ప్రోటీను పి53ని పుట్టినది పుట్టినట్లే నాశనమునకు పంపుచుండును. వార్త అందగనే ఆ పట్టు సడలును. ఆ ఎమ్.డి.ఎమ్.2ను తయారు చేయించునది మరల పి53యే. పూర్వపు పల్లెటూళ్ల పద్ధతిలో చెప్పవలెనన్న, వార్త తెచ్చు తలారి వేరు, విని ఉత్తరువు వేయు మునసబు వేరు. (ఈ పోలికయు కుంటిదే. తన ఉద్యోగము ఊడదీయువానిని ఏ మునసబును తానే నియమించుకొనడు.)

ఇంతే అయినచో ఇది మాటల తగవు. అసలు చిక్కు చికిత్సవద్ద ఉన్నది. కాన్సరు మందులు, వికిరణము మంచి కణములను కూడ గాయపరచును; వానిని చంపుటలో పి53 చేయి ఉన్నది. సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చిన చిట్టెలుకలకు బొచ్చు రాలగా, పి53 లేని చిట్టెలుకలకు రాలలేదని 2000లో తేలినది. రక్షణకై చెల్లింపక తప్పని మూల్యమిదియని, బిరుదును నమ్మినవారు అనుకొందురు. అది నిజమా?

2006లో పి53ని దీపమువలె వెలిగించి ఆర్పగల చిట్టెలుకలపై ఒక ప్రయోగము జరిగినది. వికిరణము సోకినప్పుడు మాత్రమే పి53 వెలిగియున్న ఎలుకలలో కణములు విరివిగా చచ్చినవి. లింఫోమా మాత్రము తగ్గలేదు. గాయములు మానిన కొన్ని దినములకు వెలిగించినవానిలో రక్షణ కలిగినది. ఆ రక్షణకు ఏ.ఆర్.ఎఫ్. అను ప్రోటీను అవసరము. అది మోయునది డి.ఎన్.ఎ. గాయపు వార్త కాదు. కణమును పెంచు జన్యువులు పెచ్చుపెరిగినవను వార్త. 2012లో పి53లోని మూడు అమైనో ఆమ్లములను మార్చగా విభజనను ఆపు శక్తి, చంపు శక్తి రెండును పోయినవి; అయినను పి53 లేని ఎలుకలకు చిన్నతనముననే వచ్చు లింఫోమా వీనికి రాలేదు.

లేన్ ఈ ఫలితములను ముందే ఎరుగవలసినదనుట అన్యాయము. ఆయన ఊహగా ప్రతిపాదించినదానిని సిద్ధాంతముగా వల్లించినది తరువాతివారు. చికిత్సకాలమున మంచి కణములలో పి53ని కొలదిసేపు జోకొట్టవచ్చునను ఆలోచన ఈ ప్రయోగములతో బలపడినది. కాని ఇదియును అన్ని అవయవములకు వర్తించునది కాదు: అధిక వికిరణము సోకినచో, పి53 లేని చిట్టెలుకలు ప్రేగులు చెడి, ఉన్నవానికంటె ముందే చనిపోవును.