కుంచె తాకని తెలుపు

ఆదివారం పొద్దున్నే, దుకాణాల షట్టర్లు ఇంకా లేవకముందే, పత్తర్‌గట్టి వైపు మడత కుర్చీలు వేసుకుని చార్మినార్ బొమ్మ గీసేవాళ్లు కనిపిస్తారు. ఒళ్లో అట్ట, దానికి క్లిప్పు పెట్టిన మందపాటి కాగితం, అరచేతిలో ఇమిడే రంగుల డబ్బా, సీసాలో నీళ్లు. అంతే సరంజామా.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది తెలుపు. నీటిరంగుల పద్ధతిలో తెల్లరంగు పూయరు; వెలుగు పడిన చోట కాగితాన్నే వదిలేస్తారు. అంటే కుంచె తడపకముందే ఎండ ఎక్కడుండాలో తేల్చుకోవాలి. 1591 నాటి ఆ మినారు తూర్పు అంచున సన్నని తెల్లగీత మిగలాలంటే చెయ్యి ఎంత నిబ్బరంగా ఉండాలి! ఆ తర్వాత నీడ. చాలామంది నలుపు ముట్టుకోరు. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే గోధుమరంగు కలిపి బూడిదరంగు తెస్తారు. నీలం పాలు పెరిగితే నీడ చల్లబడుతుంది, గోధుమ పెరిగితే సున్నపు గోడ వేడి తగులుతుంది. మే నెలలో తడి నిమిషాల్లో ఆరిపోతుంది కాబట్టి ఆకాశాన్ని ఒక్క ఊపులో దించాలి. వానాకాలంలో అదే తడి ఎంతకీ ఆరదు.

ఈలోగా ఎండ జరుగుతుంది, ఆటో అడ్డంగా ఆగుతుంది, ఇరానీ చాయ్ చల్లారుతుంది. ఫొటోకు క్షణం చాలు. రెండు గంటలు కదలకుండా చూసిన కంటికే ఆ గచ్చు నగిషీలు ఒక్కొక్కటిగా పట్టుబడతాయి.

ఈసారి వాళ్లు కనిపిస్తే కాసేపు వెనక నిలబడి చూడండి. వెలుగుకు మాత్రం అడ్డు రాకండి.