అడ్డెడంటే ఎంత?

ఈ వారం నాకు కోపం తెప్పించినవి నాలుగంటే నాలుగే పేజీలు. మిగతా పుస్తకమంతా బాగుంది. మనవైపు కథల సంకలనం. పేరు చెప్పను, ఎందుకంటే ప్రచురించినవాళ్ళు మంచివాళ్ళే, అచ్చుతప్పులు కూడా పెద్దగా లేవు. తగరపువలస వంతెన పక్కనున్న టీ కొట్టులో మొదలుపెట్టి, రెండు రోజుల్లో ఇంట్లో పూర్తిచేశాను. ఆఖరి కథ అయ్యాక పేజీ తిప్పితే కనబడింది: 'ఉత్తరాంధ్ర మాటలు - అర్థాలు'. బేగి అంటే త్వరగా. గుంటడు అంటే కుర్రాడు. ఒగ్గేయడం అంటే వదిలేయడం. గెడ్డ అంటే వాగు. కంబారి అంటే పాలేరు.

నా ఇంటికొచ్చి నా పెళ్ళాన్ని నాకే పరిచయం చేసినట్టనిపించింది.

ఈ శీర్షిక చదివేవాళ్ళకి నా చాదస్తాలు కొత్తేమీ కాదు. ముందుమాట ఆఖర్న చదవాలి. పుస్తకం ఎవరికీ అరువివ్వకూడదు (ఇచ్చి పోగొట్టుకున్న 'ఆరు సారా కథలు' గురించి ఇక్కడ ఎన్నిసార్లు ఏడ్చానో మీకే ఎక్కువ తెలుసు). మూడోది, కథలో మాటకి కథే అర్థం చెప్పుకోవాలి గానీ వెనకాల పట్టీ పెట్టకూడదు. గుంటూరు మాటకి, గోదావరి మాటకి ఎవడైనా అర్థాల పట్టీ వేశాడా? వాళ్ళది భాష, మనది యాస. సినిమాలో నవ్వించడానికి వచ్చేవాడికి మన మాటే పెడతారు, కథల పుస్తకంలో మన మాటకి తోకలా అర్థం తగిలిస్తారు. రెండూ ఒకటే అవమానమని ముప్పై ఏళ్ళుగా వాదిస్తున్నాను.

పైగా ఈ నెల నేను మంచి ఊపులో ఉన్నాను. ఒకదాని వెంట ఒకటి మూడు పుస్తకాలు పూర్తిచేశాను, మూడూ పాతవే, మూడూ మన చుట్టుపక్కలవాళ్ళవే. రావిశాస్త్రి 'అల్పజీవి' మూడోసారి. కుర్రతనంలో సుబ్బయ్యని చూసి నవ్వుకున్నాను. నడివయసులో జాలిపడ్డాను. ఈసారి మాత్రం పుస్తకం మధ్యలో రెండుసార్లు మూసి లేవాల్సి వచ్చింది, ఎందుకంటే ముప్పై మూడేళ్ళు గుమాస్తా ఉద్యోగం చేసినవాడికి సుబ్బయ్య భయం బయటిది కాదు. తరవాత చాసో కథలు. ఆయనది విజయనగరం. జీవితమంతా రాసినా ఒక పుస్తకానికి సరిపడా కథలే మిగిల్చాడు, ఒక్కటీ తీసేయలేం. మూడోది కారా మాస్టారి 'యజ్ఞంతో తొమ్మిది'. 1995లో సాహిత్య అకాడెమీ అవార్డు దీనికే వచ్చింది. శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టి, విశాఖలో సెయింట్ ఆంథోనీ స్కూల్లో పిల్లలకి లెక్కలు చెప్పుకుంటూ ఆయన ఈ కథలు రాశారు. 'యజ్ఞం' చదివితే ఆ సంగతి తెలిసిపోతుంది. కథంతా ఒక అప్పు లెక్క. తరాలు దాటిపోయే లెక్క. ఆఖర్న వచ్చే శేషం చూసి గుండె ఆగుతుంది.

అంతటి కథ చదివి పది రోజులు కాలేదు, ఈ పట్టీలో 'కంబారి - పాలేరు' అని చూశాను. పాలేరట! పాలేరు జీతం పుచ్చుకుని ఏడాది తిరిగాక ఇంకో కామందు దగ్గరికి పోవచ్చు. మా అమ్మ పుట్టింటి ఊళ్ళో నేను చూసిన కంబారికి ఆ ఏడాది ఎప్పటికీ తిరిగేది కాదు. అప్పుకి తండ్రి ఉన్న చోటే కొడుకూ ఉండేవాడు. బుగత ఇంట్లో పశువులకి ముందు లేచి, పశువుల తరవాత తినేవాడు. ఇదంతా ఆ చిన్న గీత పక్కన మూడక్షరాల్లో ఎలా పడుతుంది?

ఇలా రగులుతుండగా శుక్రవారం మనవరాలు వచ్చింది. కూతురి కూతురు. వాళ్ళ నాన్నది స్టీల్ ప్లాంటులో ఉద్యోగం, కాపురం ఉక్కునగరంలో. ఇంటర్ రెండో ఏడు. 1971 జనవరిలో ఇందిరాగాంధీ ఆ ప్లాంటుకి శంకుస్థాపన చేసినప్పుడు ఊళ్ళు పోతాయని అందరికీ తెలుసు. ఊళ్ళతో మాటలు కూడా పోతాయని నాకైతే తట్టలేదు. ఆ కాలనీలో రాయలసీమవాళ్ళు, కోస్తావాళ్ళు, బెంగాలీలు, ఒడియావాళ్ళు అందరూ పక్కపక్కన ఉంటారు. పిల్లలందరూ కలిసి ఒక రకం నున్నటి తెలుగు తయారుచేసుకున్నారు. అందులో 'ఏటి' లేదు.

పిల్ల నా బల్ల మీదున్న సంకలనం తీసి, నేరుగా వెనక నాలుగు పేజీలకే వెళ్ళింది. నేను ముందుమాట ఆఖర్న చదువుతాను కదా, ఇది దానికి పై మెట్టు.

"తాతయ్యా, గెడ్డ అంటే వాగా?"

"మరేటనుకున్నావు?"

"మేఘాద్రి గెడ్డ అంటే అదేదో ఊరి పేరనుకున్నాను. చిన్నప్పుడైతే గెడ్డం అనుకునేదాన్ని."

విశాఖ తాగే నీళ్ళలో కొంత ఆ గెడ్డదే. పదిహేడేళ్ళుగా నీళ్ళు తాగుతోంది, మాట మాత్రం లోపలికి దిగలేదు. మా గోస్తనీ సంగతీ అంతే. పైన తాటిపూడి దగ్గర ఆపి విశాఖకి పంపుతారు, మా వంతెన కింద చాలా నెలలు ఇసకే కనిపిస్తుంది. సరే, అది ఇంకో వారం కోపం.

పిల్లకి ఉత్సాహం వచ్చింది. పట్టీ మీద చెయ్యి అడ్డం పెట్టి నన్ను పరీక్ష చేయడం మొదలుపెట్టింది. మదుం? చెరువు తూము అన్నాను. కళ్ళం? పంట నూర్చే చోటు. ఓలి? పెళ్ళికొడుకు వైపువాళ్ళు పిల్ల తండ్రికి ఇచ్చే సొమ్ము. అడ్డపొగ? నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం, మా నాయనమ్మ అలాగే కాల్చేది. పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. నేను కాలు మీద కాలు వేసుకున్నాను.

"అడ్డెడు?"

"కుంచెడు" అన్నాను, తడుముకోకుండా.

పిల్ల నవ్వింది. వంటింట్లోంచి మా ఇంటావిడ గొంతు వినబడింది. ఆవిడది చీపురుపల్లి వైపు. "ఏటండీ, అడ్డెడంటే కుంచెడేటి? అర కుంచం. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. మీ అమ్మగారు రోజూ నా ఎదటే కొలిచేవారు."

పట్టీలో కూడా 'అర కుంచం' అనే ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అడ్డెడు బియ్యం దగ్గర తప్పడం వల్ల కాదు. ఆ వెంటనే ఇంకో మాట గుర్తొచ్చినందుకు: పూద్.

పూద్ అంటే రష్యావాళ్ళ తూకం. పదహారు కిలోల పైచిలుకు. నాకది నిద్రలో లేపి అడిగినా తెలుసు. వెర్స్టు అంటే కిలోమీటరు కన్నా కాస్త ఎక్కువ. నూరు కోపెక్కులు ఒక రూబులు. సమోవార్ అంటే టీ నీళ్ళు కాచుకునే పాత్ర. ఇవన్నీ నాకెక్కడివి?

విశాలాంధ్రవాళ్ళ పుస్తకాల వ్యానువి. నా ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు. అది జంక్షన్లో ఆగితే మా నాన్న చిట్టివలస జూట్ మిల్లులో పగటి షిఫ్టు దిగి, నార దుమ్ము పట్టిన చొక్కాతోనే నన్ను తీసుకెళ్ళేవాడు. ఆయన చదివింది అయిదో తరగతి. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు అక్కడ మహా చవక. తెల్లటి కాగితం, గట్టి అట్ట, చేత్తో పట్టుకుంటే బరువు. మా నాన్న పుస్తకాన్ని చేతిలో ఎగరేసి చూసి కొనేవాడు. "ఇంత సరుకు రూపాయికి ఎవడిస్తాడ్రా" అనేవాడు. జూట్ గోనె పట్టుకుని నాణ్యం చెప్పే మనిషికి పుస్తకమూ అలాగే కనబడింది. గోర్కీ 'అమ్మ' మా ఇంటికి అలా బరువు చూసుకుని వచ్చిందే. అందులో మిల్లు కూత వినగానే జనం ఇళ్ళలోంచి బయటికి వస్తారు. మా మిల్లు కూత కూడా అంతే. చదువుతుంటే నాకు రష్యా ఎక్కడో ఉన్నట్టు తోచలేదు, చిట్టివలస అవతల ఉందనుకున్నాను. మా నాన్నకి రాత్రిళ్ళు పైకి చదివి వినిపించేవాణ్ణి. ఆయన అర్థం కాని మాట దగ్గర ఆపేవాడు. "సమోవారేట్రా?" పేజీ అడుగున చుక్క గుర్తు ఉండేది, చిన్న అక్షరాల్లో అర్థం ఉండేది. చదివి చెప్పేవాణ్ణి. "ఊఁ, కానీ" అనేవాడు. ఒక్కసారి కూడా ఆయనకది అడ్డు అనిపించలేదు. మాస్కోవాళ్ళు రష్యా మాటకి కింద అర్థం పెట్టారు కాబట్టి రష్యన్లని తక్కువ చేశారని మా ఇద్దరికీ తట్టలేదు. 2009లో మిల్లుకి లాకౌటు పడేనాటికి నాన్న లేడు. కూత ఆగిపోయింది. ఆ పుస్తకాలు ఇప్పటికీ నా బీరువాలో కింది అరలో ఉన్నాయి, బరువుకి అర వంగింది.

అంటే మా అమ్మ రోజూ చేత్తో కొలిచిన అడ్డ నాకు తప్పిపోయింది, కంటితో ఎన్నడూ చూడని పూద్ నిలిచింది. అడ్డకి ఎవరూ పేజీ అడుగున చుక్క పెట్టలేదు మరి.

మర్నాడు పొద్దున గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొచ్చారు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవమని దండలేస్తాం. గ్రాంథికం మీద ఆయన యుద్ధం సరే. వాడుక మాటని అంతగా నమ్మిన మనిషి, మాట తనకు తానే బతుకుతుందిలే అని ఊరుకోలేదు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ కొండల్లో తిరిగి మాటలూ పాటలూ రాసుకుని, ఆఖరికి సవర నిఘంటువే తయారుచేశారు. ఆ అడవుల్లో పట్టిన మలేరియాకి క్వినైన్ మింగీ మింగీ చెవులు పోయాయంటారు. మాటల కోసం చెవులు పోగొట్టుకున్న మనిషి. తరవాతి కాలంలో భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల దగ్గరికి మనుషుల్ని పంపి సేద్యం మాటలు పోగుచేయించారు. 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం అలా వచ్చింది, రెండోది చేనేత మాటలకి. వీళ్ళు చేసింది కూడా పట్టీయే కదా. ముప్పై ఏళ్ళుగా నేను తిడుతున్న వస్తువు అదే.

ఆ మాట నేను ఇంట్లో ఎవరితోనూ అనలేదు. పెన్సిల్ చెక్కుకుని, ఆ నాలుగు పేజీల మార్జిన్లలో లేని మాటలు రాయడం మొదలుపెట్టాను. మా ఇంటావిడ బియ్యం ఏరుతూ చెబుతోంది. కాసేపట్లో మార్జిన్లు నిండాయి. అట్ట లోపలి వైపుకి వెళ్ళాం. ఈ ఊళ్ళ పేర్లలో ఉన్న వలసకే అర్థం రాయలేదు చూడండి అంది. నిజమే. తగరపువలస, చిట్టివలస. ఎక్కడినుంచో లేచొచ్చి కాపురం పెట్టినవాళ్ళ ఊళ్ళు. రాశాను.

కంబారి దగ్గర మాత్రం ఆగిపోయాను. 'పాలేరు' కొట్టేశాను. పక్కన రాయడం మొదలుపెడితే అయిదు గీతలయ్యాయి, ఇంకా బుగత దగ్గరికే రాలేదు. రబ్బరుతో తుడిచి మళ్ళీ రాశాను. మూడు గీతలు. అప్పటికి మనవరాలు ఉక్కునగరం చేరి ఫోను చేసింది. చదివి వినిపించాను.

"ఇంత పొడుగా? పాలేరు అంటే సరిపోదా తాతయ్యా?"

"సరిపోదు."

"ఎందుకు?"

చెప్పబోయాను. మాటలు దొరకలేదు. 'యజ్ఞం' చదివితే తెలుస్తుందన్నాను.

"అయితే పంపించు."

ఆదివారం వాళ్ళ నాన్న ఇటు వస్తే ఇచ్చి పంపాను. మొదటి పేజీలో నా పేరు, తేదీ రాశాను. కింద 'తిరిగి ఇవ్వవలెను' అని కూడా, సిరాతో.