అర సెకను అతిథి

బెంగళూరులో సిల్క్ బోర్డు దగ్గర మొదలై ఎలక్ట్రానిక్ సిటీలో దిగే ఫ్లైఓవర్ పొడవు దాదాపు 10 కిలోమీటర్లు. ఆఫీసులు వదిలే వేళ దాన్ని దాటడానికి ఎంతసేపు పడుతుందని అక్కడి నీలాద్రి రోడ్డు మీద తెలుగువాళ్లెవరినైనా అడగండి, నిట్టూర్పే సమాధానం. అదే దూరాన్ని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (ఐఎస్‌ఎస్) సెకనున్నర లోపే దాటేస్తుంది. సెకనుకు 7.66 కిలోమీటర్లు దాని వేగం. అది చందమామ ముందు నుంచి వెళ్లేటప్పుడు, చంద్రుడు నడినెత్తిన ఉంటే అర సెకను కనిపిస్తుంది. చంద్రుడు కిందికి వాలి ఉంటే ఒక సెకను, మహా అయితే రెండు. ఆ కాస్తలో దాన్ని కెమెరాలో పట్టుకోవడమే లూనార్ ట్రాన్సిట్ ఫొటోగ్రఫీ.

అపార్ట్‌మెంట్ డాబా ఎక్కి కెమెరా పైకి గురిపెడితే ఇది కుదరదు. స్టేషన్ 400 కిలోమీటర్ల పైచిలుకు ఎత్తులో తిరుగుతోంది. చంద్రుడి ముందు నుంచి అది పోవడం నేల మీద ఒక సన్నని పట్టీలో ఉన్నవాళ్లకే కనిపిస్తుంది. చంద్రుడు నెత్తిన ఉన్నప్పుడు ఆ పట్టీ వెడల్పు నాలుగు కిలోమీటర్లకు అటూ ఇటూ. అది ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా నైరుతి నుంచి ఈశాన్యానికి పడిందనుకుందాం. ఇక్కడి డాబా మీద ఉన్నవాడికి స్టేషన్ చందమామ నడిబొడ్డు మీదుగా పోతుంది. సిల్క్ బోర్డు దగ్గర ఉన్నవాడికి అసలు చంద్రుణ్ణే తాకదు. అందుకే ఈ విద్యలో కెమెరా కంటే ముందు కావాల్సింది మ్యాపు. ఐఎస్‌ఎస్ ట్రాన్సిట్ ఫైండర్ లాంటి సాధనాలు ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే రానున్న రోజుల లెక్కలు చెబుతాయి. వారం ముందు చూసిన లెక్కను నమ్ముకుంటే మాత్రం మునిగినట్టే. పైనున్న పలచటి గాలి రాపిడికి స్టేషన్ కొద్దికొద్దిగా కిందికి జారుతుంటుంది, అప్పుడప్పుడూ ఇంజిన్లు మండించి దాన్ని మళ్లీ పైకి లేపుతుంటారు. అనుభవజ్ఞులు ముందురోజు ఒకసారి, బయల్దేరేముందు మరోసారి లెక్క సరిచూసుకుంటారు.

ఇక పనితనం. 1/2000 సెకనులో కూడా స్టేషన్ దాదాపు నాలుగు మీటర్లు కదిలిపోతుంది. దాని పొడవు 109 మీటర్లు కాబట్టి అంత కదలికను బొమ్మ తట్టుకుంటుంది. 1/250 దగ్గర వదిలేస్తే 30 మీటర్ల మేర అలుక్కుపోతుంది, సౌరఫలకాలన్నీ కలిసి ఒక చారగా మిగులుతాయి. షటర్ వేగం పెంచితే వెలుతురు తగ్గుతుంది, దాన్ని పూడ్చడానికి ఐఎస్ఓ (సెన్సరు సున్నితత్వం) పెంచాలి. పెంచితే బొమ్మ గరుకవుతుంది. ఈ మూడింటి మధ్య తూకం కుదరాలి. ఇంకో చిక్కుంది. ఈ రంగంలో చాలామంది వాడే ఎనిమిది అంగుళాల ష్మిట్-కాసెగ్రెయిన్ టెలిస్కోపు ఫోకల్ లెంగ్త్ సుమారు 2000 మిల్లీమీటర్లు. దాంతో చంద్రబింబం 18 మిల్లీమీటర్లు పడుతుంది, మామూలు ఏపీఎస్-సీ సెన్సరు ఎత్తేమో 15 మిల్లీమీటర్లే. చంద్రుడు పట్టడు! బింబాన్ని చిన్నది చేసే ఫోకల్ రెడ్యూసర్ తగిలించాలి, లేదా స్టేషన్ ఏ బిలం పక్క నుంచి పోతుందో కచ్చితంగా లెక్కగట్టి ఆ ముక్కకే గురిపెట్టాలి.

ఫోకస్‌ను వెలుగు నీడలు కలిసే గీత మీది బిలాల అంచుల దగ్గర ముందే సరిచేసి, మళ్లీ ముట్టుకోకూడదు. గడియారాన్ని జీపీఎస్ సమయానికి కలపాలి. కొందరు వీడియో నమ్ముకుంటారు: సెకనుకు వంద ఫ్రేములైతే అర సెకనుకు యాభై చేతికొస్తాయి. కొందరు సెకనుకు పది ఫ్రేముల బరస్ట్ నమ్ముకుంటారు, వాళ్లకు దక్కేది అయిదు. ఈ వ్యాసకర్త ఓటు వీడియోకే. బరస్ట్ వాళ్లు కోప్పడితే కోప్పడనీ.

ఈ విద్యకు గురుపీఠం వేయాల్సివస్తే అది ఫ్రాన్స్‌కు చెందిన ఇంజినీరు తియరీ లెగోకే దక్కుతుంది. చంద్రుడి బదులు సూర్యుడి ముందు పట్టినా విద్య ఒకటే. 2009 మేలో ఫ్లోరిడా నుంచి ఆయన సూర్యుడి ముందు అట్లాంటిస్ షటిల్‌నూ, హబుల్ టెలిస్కోపునూ ఒకే ఫొటోలో పట్టాడు. 0.8 సెకను ఘట్టం అది. అంత పెద్ద సూర్యబింబం మీద రెండు చిన్న నల్ల మచ్చలు! ఆ ఫొటో చూసి ఊరుకోగలిగినవాడికి ఈ పిచ్చి అంటదు. 2011 జనవరి 4న పాక్షిక సూర్యగ్రహణం నాడు ఒమన్ దాకా వెళ్లి, చంద్రుడు కొరికిన సూర్యుడి ముందు స్టేషన్‌ను పట్టాడు. దానికి పట్టింది 0.86 సెకను. ఆస్ట్రేలియాలోని బైరన్ బేలో డిలన్ ఓడానెల్ 2015లో చంద్రుడి ముందు పట్టిన ట్రాన్సిట్ మరీ చిన్నది, 0.33 సెకను. 2017 ఆగస్టు 21 గ్రహణం నాడు నాసా ఫొటోగ్రాఫర్ జోయెల్ కౌస్కీ వయోమింగ్‌లోని బ్యానర్ దగ్గర సెకనుకు 1,500 ఫ్రేముల కెమెరా పెట్టి, సూర్యుడి ముందు స్టేషన్‌ను పట్టాడు. ఆ బొమ్మలో చీమంత కనిపించే స్టేషన్‌లో ఆరుగురు మనుషులున్నారు.

మనవాళ్లకు ఈ చూపు కొత్తదేమీ కాదు. విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు 1840లోనే సొంత వేధశాల కట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబర్ 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు పోవడాన్ని ఆ ఊరి నుంచే పరిశీలించారు. అదీ ట్రాన్సిటే. ఆ రోజున స్టేషన్ లేదు, ఓపిక మాత్రం ఇదే.

ఇప్పుడు కడుపు మండే సంగతి. ఎక్కడిదో చందమామ ఫొటో మీద ఎక్కడిదో స్టేషన్ బొమ్మ అతికించి, మా డాబా మీంచి తీశామని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు ఎక్కువైపోయారు. పట్టుకోవడం తేలికే. అసలు ఫొటోలో స్టేషన్ చంద్రుడి వ్యాసంలో ముప్ఫయ్యో వంతుకు మించదు. దూరం పెరిగితే ఇంకా చిన్నది. అరచేయంత రెక్కలతో కనిపిస్తే అది అతుకే. స్టేషన్ మీద ఎండ పడుతుంటే, చంద్రుడికి ఏ వైపు నుంచి వెలుగొస్తోందో దానికీ ఆ వైపు నుంచే రావాలి. ఇద్దరికీ సూర్యుడొక్కడే కదా! భూమి నీడలో ఉంటే నల్లగా మాత్రమే కనిపించాలి. 2023లో మసకబార్చిన చంద్రుడి బొమ్మకు సైతం ఒక ఫోన్ తనంతట తనే బిలాలు చెక్కిపెట్టిందని బయటపడి పెద్ద గొడవైంది. ఆ ఏడే చంద్రయాన్-3 దిగాక, రోవర్ చక్రం అచ్చు అంటూ ఒక కళాకారుడి బొమ్మను నిజమని చాలామంది నమ్మారు. దోషం సాఫ్ట్‌వేర్ ఒక్కదానిదే కాదు. యాభై ఫ్రేములను ఒకే చందమామ మీద వరసగా పేర్చడం కూడా అతుకే, కానీ అది అందరూ ఒప్పుకున్న పద్ధతి, ఆ మాట కింద రాస్తే చాలు. రాయకుండా దాచడమే దొంగతనం. రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి, మబ్బు అడ్డొస్తే దులుపుకుని కిందికి దిగొచ్చినవాడి కష్టాన్ని ఈ అతుకుల బొమ్మలు కాజేస్తున్నాయి.

2025 జూన్ 26న శుభాంశు శుక్లా ఆ స్టేషన్‌లో అడుగుపెట్టాడు, అక్కడికి చేరిన తొలి భారతీయుడు. బెంగళూరుకు అవి వానాకాలపు రోజులు, మబ్బుల్లో చంద్రుణ్ణి పట్టడం కష్టం. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడి ఆకాశం తేటగా ఉంటుంది. పని ఏదైనా అప్పుడే.

స్టేషన్‌ను ఈ దశాబ్దం చివరి దాకా నడిపి, ఆ తర్వాత మహాసముద్రంలో దించేయాలని నాసా సంకల్పం. భారతీయ అంతరిక్ష స్టేషన్ పూర్తి కావడానికి ఇస్రో పెట్టుకున్న లక్ష్యం 2035. ఈలోగా దొడ్డతోగూరులోనో హెబ్బగోడిలోనో టెలిస్కోపు కొనుక్కున్న తెలుగు కుర్రాళ్లకు ఒక విన్నపం: స్టేషన్ దొరికిన రోజున ఫొటో కింద డాబా ఉన్న వీధి, తేదీ, సెకన్లతో సహా సమయం రాయండి. దొరకని రోజున కూడా, మబ్బు పట్టిన ఆ ఖాళీ చందమామను అదే వివరాలతో దాచిపెట్టండి.