నెట్‌కి అంగుళం పైన

రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ పేరెత్తగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చే అంకె 565. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకాలో, యోనెక్స్ ఫ్యాక్టరీ జిమ్నాజియంలో, అతని రాకెట్ నుంచి బయల్దేరిన షటిల్ వేగాన్ని గంటకు 565 కిలోమీటర్లుగా కొలిచారు. మలేసియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ పేరిట 2013 మే నుంచి ఉన్న 493 కిలోమీటర్ల రికార్డు ఆ దెబ్బతో పోయింది. గిన్నిస్‌ వాళ్లు పేరు రాసుకున్నారు. అమలాపురం కుర్రాడు బుల్లెట్ రైలు కంటే వేగంగా కొట్టాడని మన పక్క పేపర్లన్నీ మురిసిపోయాయి. మురవాల్సిందే.

అయితే ఆ అంకె అతని గురించి చెప్పేది తక్కువ. ఆ రోజు నెట్‌కి అవతల దాన్ని తిప్పికొట్టే మనిషి లేడు. పైగా అది రాకెట్‌ని వదిలిన క్షణంలో ఉన్న వేగం. పదహారు ఈకలు, అయిదు గ్రాముల చిల్లర బరువు ఉన్న షటిల్ గాలికి ఎంత తొందరగా నీరసపడుతుందంటే, ఎదుటివాడి దగ్గరికి చేరేసరికి అందులో సగం కూడా మిగలదు. ప్రపంచంలో మొదటి ఇరవై డబుల్స్ జోడీల్లో స్మాష్‌కి బెదిరేవాడు ఒక్కడూ ఉండడు. వంగి, రాకెట్ ముందు పెట్టి, ఎంత గట్టిగా కొడితే అంత చల్లగా నెట్ అవతల వేస్తారు. ఆరడుగుల పైచిలుకు ఎత్తు, పొడవైన చెయ్యి, మణికట్టులో విసురు పుట్టుకతో వచ్చినవి. ఏళ్ల తరబడి చాకిరీ చేసి సంపాదించుకున్నది వేరే చోట ఉంది. అది చూడాలంటే టీవీలో అతని మ్యాచ్ పెట్టుకుని, అతను సర్వీసు చేసేటప్పుడు మాత్రమే చూడాలి.

డబుల్స్ సర్వీసు చూడ్డానికి ఏమీ ఉండదు. ఎడమచేతి రెండు వేళ్లతో షటిల్ ఈకల అంచు పట్టుకుంటాడు. రాకెట్‌ని బ్యాక్‌హ్యాండ్‌లో పొట్ట ముందుకు తెస్తాడు. ఓ క్షణం ఆగుతాడు. చిన్నగా నెడతాడు, అంతే. ఆ నెట్టడానికి ఉన్న షరతులు మాత్రం తక్కువేం కాదు. 2018లో వచ్చిన నిబంధన ప్రకారం రాకెట్ తగిలే క్షణంలో షటిల్ మొత్తం నేలకు 1.15 మీటర్ల లోపే ఉండాలి. నెట్ మధ్యలో ఎత్తు 1.524 మీటర్లు. అంటే షటిల్ ముప్పై ఏడు సెంటీమీటర్లకు పైగా లేచి, నెట్ దాటగానే తల వంచి, అవతల 1.98 మీటర్ల దూరంలో ఉన్న గీత దగ్గర వాలాలి. పాత పద్ధతిలో కొలత సర్వీసు చేసేవాడి పక్కటెముకల్ని బట్టి ఉండేది. పొడుగువాడికి పొడుగు లెక్క. కొత్త పద్ధతిలో అందరికీ ఒకటే గీటు. అయిదున్నర అడుగుల మనిషికి అది హాయిగా ఉండే ఎత్తు. సాత్విక్ లాంటివాడు మోకాళ్లు కాస్త వంచి, చెయ్యి దించి, తన ఎత్తునంతా మింగుకుని చేయాలి.

షటిల్ నెట్‌కి అంగుళం పైన వెళితే మంచి సర్వీసు. నాలుగంగుళాలు పైన వెళితే, గీత మీద కాలు పెట్టి కాచుకుని ఉన్నవాడు ముందుకు దూకి నేలకేసి కొడతాడు. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆడవాళ్ల చెయ్యి చూసినవాళ్లకు ఈ సర్వీసు తేలిగ్గా అర్థమవుతుంది. పిండిలో ముంచిన గుడ్డను బోర్లించిన కుండ మీద ఒక్క లాగు లాగుతారు. చెయ్యి బరువు రవ్వంత పెరిగితే రేకు మందం, తగ్గితే చిరుగు. కండబలం ఉన్నవాడికి ఆ పని మరీ కష్టం. ప్రపంచంలోకెల్లా గట్టిగా కొట్టే చెయ్యి, 19-19 దగ్గర, గుండె దడదడలాడుతుండగా, ఆ మెత్తదనం తెచ్చుకోవాలి. ఈ వైరుధ్యం 565 కంటే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరుస్తుంది.

ఇంకో చిక్కుంది. డబుల్స్‌లో సర్వీసు చేసినవాడే ముందుకు జరిగి నెట్ కాయాలి, జతగాడు వెనక ఉంటాడు. సాత్విక్ పుట్టు వెనకకోర్టు ఆటగాడు. కాబట్టి అతను సర్వీసు చేసిన ప్రతిసారీ ఆట అతనికి సహజం కాని చోట మొదలవుతుంది. జతగాడు చిరాగ్ శెట్టిదీ మొదట్లో ఇదే కథ. ముంబయి నుంచి వచ్చిన అతనూ వెనకనుంచి బాదే బాపతే. మలేసియా నుంచి వచ్చిన కోచ్ టాన్ కిమ్ హర్ ఇద్దరినీ కలిపినప్పుడు, ఇద్దరు వీరబాదుడుగాళ్లని ఒక జట్టులో పెడితే నెట్ దగ్గర ఎవరుంటారన్నది న్యాయమైన ప్రశ్నే. టాన్ ఆ ప్రశ్నకి జవాబుగా మూడో మనిషిని వెతకలేదు. ఇద్దరికీ రాని పని ఇద్దరికీ నేర్పించాడు. చిరాగ్ నెట్ దగ్గర రాటుదేలాడు. సాత్విక్ వెనకే కాకుండా ముందుకీ రావడం నేర్చుకున్నాడు.

మన ఊళ్లలో చలికాలం రాగానే వీధిలో రెండు గుంజలు పాతి, నెట్ కట్టి, పక్కింటి నుంచి వైరు లాగి లైటు వేసుకుని షటిల్ ఆడతారు. ఆ కోర్టుల్లో అందరికీ స్మాష్ మీదే మోజు. సర్వీసు అంటే ఆట మొదలుపెట్టడానికి ఎవరో ఒకరు వేసే షటిల్. అమలాపురంలో సాత్విక్‌కి అలా జరగలేదు. తండ్రి కాశీ విశ్వనాథం గారు పీఈటీ మాస్టారు, స్వయంగా రాష్ట్రస్థాయిలో ఆడినవారు. తల్లి రంగమణి గారూ టీచరే. అన్న రామ్‌చరణ్ చేతిలోనూ రాకెట్టే. ఇంట్లో ఆట ఒక సబ్జెక్టు లాగా నడిచిందన్నమాట. ఆ ఊరికి ఈనాటికీ రైలు లేదు. కోటిపల్లి-నరసాపురం లైను కడుతూనే ఉన్నారు. అలాంటి చోటు నుంచి 2014లో పద్నాలుగో ఏట హైదరాబాద్ వెళ్లి పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరాడు. తెల్లవారుజామున నాలుగున్నరకే కోర్టులో లైట్లు వెలిగే అకాడమీ అది. సైనా, సింధు చేసిన చాకిరీ గురించి మనం ఎన్నో కథలు విన్నాం. డబుల్స్ కుర్రాళ్ల కథలు ఎవరూ పెద్దగా రాయలేదు. సింగిల్స్ వాళ్ల ముఖాలే పోస్టర్ల మీద ఉండే రోజులవి.

డబుల్స్ ప్రాక్టీసు చూడ్డానికి అందంగా ఉండదు. కోచ్ పక్కన బుట్టనిండా షటిళ్లు. ఒకటి నేల తాకకముందే ఇంకోటి వచ్చి పడుతుంటుంది. మల్టీ షటిల్ అంటారు దీన్ని. గెలుపోటములు లేవు, పాయింట్లు లేవు. ఎగిరి స్మాష్ కొట్టి కిందికి దిగాక రెండో అడుగు ఎక్కడ పడుతుందన్నదే లెక్క. స్మాష్ తిరిగి రావడానికి సెకను కూడా పట్టదు. కొట్టి, ఎలా వెళ్లిందో చూద్దామని నిలబడ్డవాడు ఆ పాయింటు పోగొట్టుకున్నట్టే. సాత్విక్ మ్యాచ్‌లో గమనించండి. షటిల్ ఎదుటివాడి రాకెట్‌కి తగిలే సరికి అతని మోకాళ్లు అప్పటికే వంగి ఉంటాయి, రాకెట్ ఛాతీ ఎత్తులో ముందుకొచ్చి ఉంటుంది. తన స్మాష్ మీద తనకే నమ్మకం లేనట్టు సిద్ధమవుతాడు. గొప్ప పనివాళ్ల లక్షణం ఇదేనేమో అనిపిస్తుంది నాకు.

దీనికి సాటి వచ్చే ఉదాహరణ నాకు అమెరికా బాస్కెట్‌బాల్‌లో కనపడింది. రే అలెన్ అని ఒక షూటరు. మిల్వాకీకి ఆడే కుర్రతనంలోనే ఒక విచిత్రమైన కసరత్తు పెట్టుకున్నాడు. బుట్ట కింద నేల మీద పడుకుంటాడు. చటుక్కున లేచి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ కోర్టు మూలకి పోతాడు. కోచ్ బంతి విసిరితే, కిందికి చూడకుండా, గీత తొక్కకుండా షాట్ వేస్తాడు. మ్యాచ్‌లో ఎవరు పడుకుంటారు? చూసేవాళ్లకు పిచ్చి పనే. 2013 జూన్ 18న ఎన్‌బీఏ ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో అతని జట్టు మయామీ మూడు పాయింట్లు వెనకబడి ఉంది, సిరీస్ చేజారిపోతోంది. సహచరుడు బాష్ రీబౌండ్ అందుకునేసరికి అలెన్ బుట్ట దగ్గరున్నాడు. వెనక్కి అడుగులేసి మూలకి పోయాడు, బంతి వచ్చింది, వేశాడు. గడియారంలో 5.2 సెకన్లు మిగిలుండగా స్కోరు 95-95. ఓవర్‌టైమ్‌లో మయామీ గెలిచింది. జోర్డాన్, కోబీల చాకిరీ గురించి పుస్తకాలకు పుస్తకాలున్నాయి గానీ, నాకు అలెన్ కసరత్తే ఎక్కువ నచ్చుతుంది. ఎప్పుడో ఒకసారి మీదికొచ్చే ఇరకాటాన్ని ముందే ఊహించి, దానికోసం ఏళ్ల ముందు నుంచి పని చేశాడు.

మన జోడీకి అలాంటి ఇరకాటం 2022 మే 15న బ్యాంకాక్‌లో వచ్చింది. థామస్ కప్ ఫైనల్. ఎదుట 14 సార్లు కప్పు గెలిచిన ఇండోనేసియా. 1949 నుంచి జరుగుతున్న ఈ పోటీలో మన దేశం అంతవరకు ఫైనలే ఎరగదు. లక్ష్య సేన్ మొదటి మ్యాచ్ గెలిచాక సాత్విక్, చిరాగ్‌లకు ఎదురైంది అహ్సన్, సుకముల్జోల జోడీ. తొలి గేమ్ 18-21తో పోయింది. రెండో గేమ్‌లో నాలుగు మ్యాచ్ పాయింట్లు కాచుకున్నారు. ఆ నాలుగింటిలో ఏ ఒక్కదానిలో చెయ్యి తడబడినా కథ వేరు. 23-21, 21-19. తర్వాత శ్రీకాంత్ పని పూర్తిచేశాడు. అందరూ స్మాష్‌ల హైలైట్లు చూశారు. ఆ జోడీ గెలిచింది మాత్రం నడుం ఎత్తులో, పొట్ట మీదికొచ్చే డ్రైవ్‌లను తట్టుకుని నిలబడటం వల్ల.

తట్టుకోవడం నేర్పడంలో డెన్మార్క్ మనిషి మథియాస్ బో పాత్ర పెద్దది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో వెండి గెలిచినవాడు. 2021 నుంచి వీళ్లకు కోచ్‌గా ఉండి డిఫెన్స్ మీద, డ్రైవ్‌ల మీద పట్టు బిగించాడు. ఆ ఏడాది టోక్యోలో వీళ్లకు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. గ్రూపులో లీ యాంగ్, వాంగ్ చి-లిన్‌లను 21-16, 16-21, 27-25తో ఓడించారు. మూడింట రెండు గెలిచారు. గేమ్‌ల లెక్క కుదరక ఇంటికొచ్చేశారు. వీళ్ల చేతిలో ఓడిన తైవాన్ జోడీ బంగారం పట్టుకుపోయింది.

అయితే ఈ పనితనానికి అసలు గీటురాయి పతకాల పట్టిక కాదు, ఆరన్ చియా, సో వూయి యిక్ అనే మలేసియా జోడీ. ఎనిమిదిసార్లు ఆడితే ఎనిమిదిసార్లూ సాత్విక్, చిరాగ్‌లే ఓడారు. అందులో 2022 ప్రపంచ పోటీల సెమీఫైనల్ కూడా ఉంది. ఎనిమిది ఓటముల తర్వాత సాధారణంగా ఎదుటి జోడీ పేరు డ్రాలో చూస్తేనే కాళ్లు బరువెక్కుతాయి. 2023 జూన్‌లో జకార్తాలో, ఇండోనేసియా ఓపెన్ సూపర్ 1000 ఫైనల్లో, తొమ్మిదోసారి తలపడ్డారు. 21-17, 21-18. రెండు గేమ్‌లలోనే ముగించారు. ఆ స్థాయి టోర్నీని మన దేశపు డబుల్స్ జోడీ గెలవడం అదే మొదలు. ఆ ఏడాది వరుస చూస్తే ఊపిరాడదు. మార్చిలో స్విస్ ఓపెన్, సోకా రికార్డు తర్వాత పదహారో రోజున దుబాయిలో ఆసియా టైటిల్, జూలైలో కొరియా ఓపెన్, అక్టోబర్ 7న హాంగ్‌జౌలో ఆసియా క్రీడల బంగారం, మన బ్యాడ్మింటన్‌కి ఆ క్రీడల్లో మొట్టమొదటిది. మూడు రోజులకి ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు. హాంగ్‌జౌలో కూడా సెమీఫైనల్లో ఓడించింది చియా, సోలనే.

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్. మళ్లీ వాళ్లే. మొదటి గేమ్ 21-13తో మనది. తర్వాత 14-21, 16-21. బో కోచింగ్‌కి సెలవు చెప్పాడు. టాన్ కిమ్ హర్ తిరిగొచ్చాడు. సాత్విక్ భుజం అంతకుముందే సతాయిస్తోంది. 2025 ఫిబ్రవరిలో తండ్రి కాశీ విశ్వనాథం గారు గుండెపోటుతో పోయారు. నెల తిరక్కుండానే సాత్విక్ ఆల్ ఇంగ్లండ్‌కి వెళ్లాడు. ఆ టోర్నీలో చిరాగ్ నడుం పట్టేసి మధ్యలోనే వదిలేయాల్సి వచ్చింది. ఈ దశలో ఎవరైనా ఆగిపోతే తప్పుపట్టేవాళ్లు ఉండరు.

2025 ఆగస్టులో ప్రపంచ పోటీలు పారిస్‌లోనే, ఒలింపిక్స్ జరిగిన అదే హాల్లోనే పెట్టారు. క్వార్టర్‌ఫైనల్లో వీళ్లకు తగిలింది చియా, సోలే. ఈసారి 21-12, 21-19. రెండో గేమ్ చివర్లో స్కోరు దగ్గర పడ్డాక సాత్విక్ సర్వీసుల కోసం ఆ మ్యాచ్ మళ్లీ చూడొచ్చు. ప్రపంచ పోటీల్లో రెండో కంచు దొరికింది. సెమీఫైనల్లో చైనా జోడీ చెన్ బోయాంగ్, లియు యి మూడు గేముల్లో ఆపేశారు. సెప్టెంబర్లో హాంకాంగ్ ఓపెన్‌లో, ఆ మరుసటి వారం చైనా మాస్టర్స్‌లో వరుసగా ఫైనల్ దాకా వెళ్లి రెండుచోట్లా రెండో స్థానంతో సరిపెట్టుకున్నారు. చైనా మాస్టర్స్ ఫైనల్లో నెట్‌కి అవతల ఉన్నది కొరియా కిమ్ వోన్-హో, హాంగ్‌జౌలో వీళ్ల చేతిలో బంగారం పోగొట్టుకున్నవాడు. ఈ రెండేళ్లలో జత మార్చి, సియో సియుంగ్-జేతో కలిసి ప్రపంచ చాంపియన్ అయి వచ్చాడు. అవతలివాళ్లూ ఖాళీగా కూర్చోలేదు మరి.