గిన్నె ఎవరిది?

కళాకారుడు తన చేత్తో చేయకుండా, ఏరి తెచ్చిన మామూలు వస్తువును కళగా నిలబెట్టడం నూరేళ్లు దాటిన పద్ధతి. 1917లో మార్సెల్ డుషాంప్ న్యూయార్క్‌లో ఒక మూత్రపాత్రకు 'ఫౌంటెన్' అని పేరు పెట్టి ప్రదర్శనకు పంపాడు. నిర్వాహకులు దాన్ని ప్రదర్శనలో పెట్టలేదు. వస్తువును వాడుక నుంచి విడదీసి చూస్తే కొత్త అర్థం పుడుతుందన్నది ఆ పద్ధతికి మూలం. పడమటి దేశాలకు ఆ వాదన సరిపోయి ఉండవచ్చు. మన దేశంలో ఆ పాత్రను చూడగానే అడగవలసిన మొదటి ప్రశ్న వేరు: దీన్ని రోజూ ఎవరు కడుగుతారు? మన దగ్గర కులం కాపురముండేది వస్తువులో కాదు, దాని వాడుకలో. వాడుకను తీసేస్తే కులం కూడా కంటికి కనబడకుండా పోతుంది.

ఢిల్లీ ప్రాంతంలో ఈ పద్ధతికి పెద్ద పేరు సుబోధ్ గుప్తా. 1964లో బీహార్‌లోని ఖగౌల్‌లో పుట్టి, గుర్‌గావ్‌లో స్థిరపడ్డారు. సాకేత్‌లోని కిరణ్ నాడార్ మ్యూజియం సేకరణలో ఉన్న ఆయన 'లైన్ ఆఫ్ కంట్రోల్' (2008) అణుబాంబు మేఘం ఆకారంలో నిలబడ్డ స్టీలు గిన్నెల గుట్ట. ఎత్తు 10 మీటర్లు, బరువు 26 టన్నులు. అన్నం వండే గిన్నెనూ దేశాలు దూసుకునే ఆయుధాన్నీ ఒక్క రూపంలో చూపడం చిన్న ఆలోచన కాదు. దాని కింద నిలబడ్డవారికి భయం వేస్తుంది.

అయితే స్టీలు గిన్నెను 'సామాన్య భారతీయుడి వస్తువు' అని మెచ్చుకునేవారితో నాకు పేచీ ఉంది. ఏ సామాన్యుడు? మన ఊళ్ల టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఎరగని తెలుగు దళితుడు ఉండడు. ఒక గ్లాసు లోపలి బల్ల మీద, ఇంకొకటి బయట చూరుకింద. తాగినవాడే కడిగి పెట్టాలి. పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 1955లోని 4వ సెక్షన్ హోటళ్లలో పాత్రల వాడకాన్ని అంటరానితనం పేరుతో అడ్డుకోవడం నేరమని ప్రత్యేకంగా చెప్పింది. గిన్నె పేరెత్తక తప్పదని చట్టం రాసినవారికి తెలిసింది. 26 టన్నుల శిల్పంలో ఆ సంగతి ఎక్కడా వినబడదు. అక్కడ గిన్నెలన్నీ ఒకేలా మెరుస్తాయి, ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి. దాన్ని సమత్వమని చదువుకోవచ్చు. కానీ వేరుగా పెట్టిన గ్లాసును ముందు చూపకుండా కలిపి చూపిస్తే అది సమత్వం కాదు, మరపు.

2017లో బాసెల్‌లో ఆయనే చేసిన 'కుకింగ్ ద వరల్డ్' ఇంతకంటే దగ్గరికి వచ్చింది. అక్కడ వేలాడదీసినవి వాడి పారేసిన అల్యూమినియం పాత్రలు. వాటి మధ్యే వండి అతిథులకు వడ్డించారు. సొట్టపడ్డ గిన్నె తన వెనక ఒక ఇల్లుందని చెబుతుంది.

వివాన్ సుందరం '12 బెడ్ వార్డ్' (2005) ఇంకో అడుగు ముందుంది. పన్నెండు ఇనుప మంచాలు. పరుపులకు బదులు పాత చెప్పుల అట్టలు. అరిగిన అట్ట మీద ఒక మనిషి బరువు ఉంటుంది. 'ట్రాష్' కోసం ఆయన చెత్త ఏరేవారి సాయంతో స్టూడియోలో ఒక నగరాన్నే కట్టారు. ఆ శ్రమకు చోటిచ్చిన మాట నిజం. కానీ తోలు కోసిన చేతికీ, చెత్త ఏరే చేతికీ ఆ పని ఎలా దాపురించిందో ఆ మంచాలూ ఆ నగరమూ చెప్పవు.

అది చెప్పినవారు నాగపూర్‌లో పుట్టి, ఢిల్లీ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో బోధించిన సవి సావర్కర్. ఆయన వస్తువులు ఏరి తేలేదు, బొమ్మలు గీశారు. ఆ బొమ్మల్లో ముంత ఒంటరిగా రాదు, మనిషి మెడకు వేలాడుతూ వస్తుంది. మూతికి ముంత, నడుముకు తాటాకు అని మన పెద్దలు చెప్పుకున్న చరిత్ర అదే. వస్తువు పక్కన మనిషిని నిలబెట్టిందా లేదా అన్నదే నాకు కొలమానం.

కొన్ని వస్తువులను దాచనక్కరలేదు కూడా. కోలార్ బంగారు గనుల తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ముందుండి నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్‌లో స్త్రీలు మలం మోసిన గంపలను తగలబెట్టారు. అదే గంప గ్యాలరీకి చేరితే ఇన్‌స్టలేషన్ అయ్యేది. వారు మంటను ఎంచుకున్నారు.

భగవానుని సంఘంలో భిక్షువులు చెత్తకుప్పల్లో, శ్మశానాల్లో పడివున్న గుడ్డపీలికలు ఏరి, ఉతికి, కుట్టి, రంగువేసి కట్టుకునేవారు. పాంసుకూల చీవరమంటే అదే. ఏరడం అక్కడ మొదటి మెట్టు మాత్రమే. పీలికను తిరిగి మనిషి ఒంటి మీదికి చేర్చాకే పని పూర్తయ్యేది.

ఇలాంటి ప్రదర్శనలకు మనం దూరంగా ఉండవద్దు. పిల్లలను వెంటబెట్టుకుని వెళ్దాం. మెరిసే గిన్నెల ముందు వారిని నిలబెట్టి ముందు రెండు గ్లాసుల సంగతి చెబుదాం, తర్వాత 4వ సెక్షన్ చదివి వినిపిద్దాం. ఆపైన ఆ శిల్పం వారికి ఏం చెబుతుందో వారినే అడుగుదాం.