పాకం పట్టగలిగితే జామ్ వచ్చినట్టే

హైదరాబాదులోని చిక్కడపల్లి, అశోక్‌నగర్ ఇళ్ళ డాబాల మీద ఒకప్పుడు వేసవి వస్తే పిండి వడియాలు, మాగాయ ముక్కలు ఎండేవి. ఇప్పుడు ఆ ఇళ్ళు చాలావరకు అపార్ట్‌మెంట్లు, పోటీ పరీక్షల అభ్యర్థుల హాస్టళ్ళు అయిపోయాయి. ఎండ కావలసిన నిల్వలకు చోటు కరువైంది. పొయ్యి ఒక్కటే చాలే జామ్, జెల్లీ, మురబ్బాలకు మాత్రం ఆ ఇబ్బంది లేదు.

ఆడపిల్లలకు విద్య అందించడంలో ఈ ప్రాంతానిది పాత పేరు. 1928లో మొదలైన మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల నారాయణగూడలో ఉంది. పక్కనే బర్కత్‌పురాలో 1930ల నాటి ఆంధ్ర యువతీ మండలి. అలాంటి చోట కుట్లు, అల్లికల సరసన పండ్ల నిల్వనూ ఒక విద్యగానే నేర్చుకోవాలి. ఎందుకంటే ఇందులో చేతి నేర్పు ఎంతో, శాస్త్రమూ అంతే.

జామ్ గట్టిపడాలంటే పండులోని పెక్టిన్ అనే జిగురు పదార్థం, పులుపు, పంచదార మూడూ సరిపాళ్ళలో కలవాలి. జామపండులో పెక్టిన్ పుష్కలం, అందుకే కొత్తవాళ్ళు దానితో మొదలుపెట్టడం మేలు. ముక్కల్ని కొద్ది నీళ్ళలో మెత్తగా ఉడికించి, గింజలు పోయేలా జల్లెడ పట్టాలి. కిలో గుజ్జుకి కిలో పంచదార, రెండు నిమ్మకాయల రసం. బొప్పాయిలో పులుపు తక్కువ కాబట్టి నిమ్మరసం ఇంకాస్త పెంచాలి. సీతాఫలాన్ని మాత్రం పొయ్యెక్కించకండి, వేడికి దాని గుజ్జు చేదెక్కుతుంది.

అసలు నేర్పంతా దించే వేళలో ఉంది. పుస్తకాలు 105 డిగ్రీల సెల్సియస్ అంటాయి. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాదులో నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి ఇక్కడ 103 చాలు. థర్మామీటర్ లేకపోతే తూకం ఉంది: కిలో పంచదార పోస్తే, మొత్తం సుమారు కిలోన్నరకి దిగినప్పుడు ఆపాలి. అదీ లేకపోతే చల్లటి పళ్ళెంలో చుక్క వేసి వేలితో నెడితే ముడతపడాలి. అరిసెలకు నీళ్ళలో పాకం వేసి చూసే చేతికి ఇది కష్టమేమీ కాదు.

ఉసిరి మురబ్బాకు కావలసింది ఓపిక. కాయల్ని ఫోర్కుతో పొడిచి, ఉప్పునీళ్ళలో నానబెట్టి, కడిగి, ఉడికించాలి. మొదట పలుచటి పాకంలో వేసి, రోజూ పాకాన్ని మాత్రం వంచి మరిగించి చిక్కబరచాలి. ఒక్కసారే ముదురు పాకంలో వేస్తే కాయలోని నీరంతా బయటికి వచ్చేసి వడలిపోతుంది.

సీసాల్ని మరిగే నీళ్ళలో ఉంచి, పూర్తిగా ఆరనిచ్చి, జామ్ వేడిగా ఉండగానే నింపాలి. చక్కెర 65 శాతం దాటితే సూక్ష్మజీవులకు అందులో తడి దక్కదు, నిల్వ రహస్యం అదే. తగ్గించి చేస్తే ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా వాడేయాలి.

దేశంలో అమ్మే జామ్‌లో పండు 45 శాతం ఉండాలని నిబంధన. ఇంట్లో చేసేది దానికి తగ్గనవసరం లేదు, రంగులూ అక్కర్లేదు. అమ్మదలిస్తే ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ తీసుకుని, సీసా మీద తయారీ తేదీ వేయండి. చలికాలంలో జామ, ఉసిరి చవకగా దొరికినప్పుడు ఒక్క కిలోతో మొదలుపెట్టండి. చేయి తిరిగాక అమ్మకం సంగతి చూసుకోవచ్చు.